పిలుపు లేని పండగ

అక్టోబరు 12, గురువారం

ఈ రోజు ఎనిమిది మంది వచ్చారు.

ఏడుగురే. ఎనిమిదో మనిషి దేసాంక పిన్ని. ఆవిడ నేల తుడవడానికి వచ్చింది. తుడుస్తూ, మావాడు రాదోష్ నిలబడి చెప్పిందంతా విన్నది, చివర్లో ఒక ప్రశ్న కూడా అడిగింది. అందుకని లెక్కలో వేసుకున్నాను.

పోయిన ఏడాది ఇదే వారం ముప్పై నాలుగు మంది. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఇది మిరపకాయల కాలం కదా, లెస్కోవాత్స్ ఊరంతా వీధిలోనే ఉంది. ఏ వాకిట్లో చూసినా పొయ్యి, దాని మీద కాలుతున్న ఎర్ర మిరపకాయలు. ఏడాదికి సరిపడా ఐవార్ పచ్చడి దంచుకునే నెలలో స్టార్టప్‌ల గురించి మాట్లాడుకోవడానికి ఎవడొస్తాడు? కారణం అదే.

పోయిన ఏడాది కూడా మిరపకాయలు కాల్చారు. సరే.

అక్టోబరు 13

మా ఫోను గ్రూపులో రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. నిన్న ఎవరూ వదిలిపోలేదు. అది ముఖ్యం.

అక్టోబరు 19, గురువారం

మిల్లు తెరిచి నేటికి మూడేళ్ళు. మేం ఈ చోటును మిల్లు అనే అంటాం, ప్రారంభం రోజు పెట్టిన పెద్ద పేరు ఎవరి నోటా నిలవలేదు. బట్టల మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళు. నూలు వడికే హాలును మున్సిపాలిటీ నాకిచ్చినప్పుడు కిటికీలకు అద్దాలు లేవు. నేను బడిలో పాఠాలు మానేసి గోడకు సున్నం కొట్టాను. గ్రోజ్దానా నిచ్చెన ఎక్కి పైకప్పుకు కొట్టింది. తల నిండా సున్నంతో కిందికి చూసి అంది: "మాస్టారూ, పదో తరగతిలో నాకు ఎలక్ట్రానిక్స్‌లో ముప్పై మార్కులేశారు, గుర్తుందా? ఇప్పుడీ సున్నం మీ నెత్తి మీద పోస్తే చెల్లుకు చెల్లు."

ఆ రోజుల్లో ఇక్కడ స్టార్టప్ అంటే ఏదో నీష్ వాళ్ళ వ్యవహారం, బెల్‌గ్రేడ్ వాళ్ళ గొప్ప. గ్రోజ్దానా తన అత్తగారి గ్రీన్‌హౌస్‌లో మట్టిలో గుచ్చే పరికరం ఒకటి చేసింది. నేల ఎండితే రైతు ఫోను మోగుతుంది. దాన్ని చూసే మిగతావాళ్ళు వచ్చారు. చెప్పుల అచ్చులు కంప్యూటర్లో కోసే జ్వెజ్దాన్, ఆటలకు బొమ్మలు వేసే ల్యూప్కా, బడి బస్సు ఎక్కడుందో ఫోనులో చూపించే రాదోష్. ఎవడికి ఏ చిక్కు వచ్చినా గురువారం అయిదింటికి తెచ్చి బల్ల మీద పెట్టాలి, మిగతావాళ్ళంతా దాని మీద పడాలి. అదొక్కటే నియమం. ఆ నియమం గ్రోజ్దానాదే.

ఆమె సెప్టెంబరు నుంచి రావడం లేదు. ఆ సంగతి ఇక్కడ రాయను.

అక్టోబరు 20

రాస్తాను, పొద్దున్నుంచీ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. మార్చిలో నోవి సాద్ కంపెనీ ఒకటి మిల్లు చిరునామాకు మెయిలు రాసింది. గ్రోజ్దానా ఒక ఏడాది అక్కడికొచ్చి పనిచేస్తే ఆమె పరికరాన్ని ఆరు వందల గ్రీన్‌హౌస్‌లలో పెడతామన్నారు. ఆ మెయిలు ఆమెకు చెప్పడం మర్చిపోయాను. మనిషన్నాక మర్చిపోతాడు. సెప్టెంబరులో నీష్ సమావేశంలో ఆ కంపెనీ మనిషే ఆమెకు ఎదురుపడి, "మీరు జవాబివ్వలేదు, హంగరీ వాళ్ళను తీసుకున్నాం" అన్నాడట.

రోజుకు అరవై మెయిళ్ళు వస్తాయి. తెరిచేది నేనొక్కణ్ణే.

అక్టోబరు 21

మర్చిపోవడం అని కూడా అనలేం. వేరే ఫోల్డరులో పడింది.

నవంబరు 2, గురువారం

అయిదుగురు. పిన్నితో కలిపి.

కానీ ఈ రోజు నాకొక ఆలోచన వచ్చింది, మూడు వారాలుగా ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చలేదు. మిల్లుకు స్లావా పెడదాం! ఈ దేశంలో ప్రతి ఇంటికీ ఒక పునీతుడున్నాడు, ఏడాదిలో ఆయనదంటూ ఒక రోజుంది. ఆ రోజు కొవ్వొత్తి వెలుగుతుంది, తలుపు తెరిచే ఉంటుంది. ఆసుపత్రికి స్లావా ఉంది, బడికి ఉంది, ఒకప్పుడు కమ్మరికి, కుమ్మరికి, చెప్పులు కుట్టేవాడికి కూడా ఉండేది. మాకెందుకు ఉండకూడదు? చేతిపనుల వాళ్ళ పునీతుడు స్పిరిదోన్, డిసెంబరు ఇరవై అయిదు. పైగా ఆ రోజు పడమటి దేశాల్లో క్రిస్మస్. మనకు జనవరిలో కాబట్టి ఇక్కడ మామూలు పనిదినమే, కానీ బయటి కంపెనీలకు పనిచేసే మనవాళ్ళందరికీ సెలవు. దేవుడే కుదిర్చినట్టుంది.

స్లావాకు ఎవరినీ పిలవరు. నాకు నచ్చింది అదే. వీళ్ళు మావాళ్ళు అనుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఎవరు మనవాళ్ళో ఆ ఒక్క రోజుతో తేలిపోతుంది.

నవంబరు 4

ఫాదర్ గవ్రీలో దగ్గరికి వెళ్ళాను. గడ్డంలో రొట్టె ముక్కలు దులుపుకుంటూ విన్నాడు.

"రొట్టె ఆశీర్వదిస్తాను, దానికేం. ఇంటిపెద్దగా నిలబడేదెవరు?"

"నేనే ఫాదర్."

"పొద్దున్నుంచి కొవ్వొత్తి ఆర్పేదాకా కూర్చోకూడదు. వచ్చినవాళ్ళకు నిలబడే వడ్డించాలి. తెలుసుగా?"

"తెలుసు."

"మరి వచ్చే ఏడాది ఎవరు?"

"నేనే."

"అది ఇళ్ళల్లో బాబూ. పనివాళ్ళ స్లావాలో అలా కుదరదు. రొట్టె రెండు చేశాక సగం ఎవరో ఒకరు అడిగి తీసుకోవాలి. తీసుకున్నవాళ్ళు వచ్చే ఏటి ఇంటిపెద్ద. ఎవ్వరూ తీసుకోలేదనుకో, మీ స్లావా ఆ సాయంత్రంతో సరి."

దానికేముంది. రాదోష్‌తో ముందే చెప్పి ఉంచుతాను. రొట్టె వాడు తీసుకుంటాడు, పని నేను చూసుకుంటాను.

నవంబరు 6

గ్రూపులో ఒక్క వాక్యం రాశాను: "మిల్లు స్లావా డిసెంబరు 25, స్పిరిదోన్ రోజు." ఆ తర్వాత రెండు గంటల్లో నూట నలభై సందేశాలు. దేని మీద? తారీఖు రాయడం పిలుపు కిందికి వస్తుందా రాదా అని.

"మాస్టారూ, ఇది పిలిచినట్టే. తప్పు."

"తారీఖు చెప్పకపోతే ఎలా తెలుస్తుందిరా నీ మొహం?"

"మా తాత స్లావా తారీఖు ఎవరైనా గ్రూపులో పెట్టారా?"

"మీ తాతకు గ్రూపుందా?"

చివరికి వాళ్ళే తేల్చారు, ఆ వాక్యం తీసెయ్యాలని. తీసేశాను. వస్తాననిగానీ రాననిగానీ ఒక్కడూ అనలేదు. అనరు కూడా, స్లావాకు వస్తానని ముందుగా చెప్పడం పద్ధతి కాదు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య బోసీల్కా చేతిలో గరిటెతో అలాగే నిలబడింది. "తిహో, కొత్త స్లావా అయితే మొదటి ఏడాది చెప్పుకోవాలి. నన్ను చేసుకున్నప్పుడు మీ అమ్మ మా వాళ్ళకు చెప్పలేదా? ఒక్కసారి చెప్తే తర్వాత జన్మంతా చెప్పక్కర్లేదు."

"అది పెళ్ళి సంబంధం కాబట్టి."

"నీకు పిలవడం ఇష్టం లేదు. పిలిస్తే గ్రోజ్దానాని కూడా పిలవాలి కదా, అందుకు."

నేను కుక్కను తీసుకుని బయటికి వెళ్ళిపోయాను. పొద్దున్నుంచి దానికిది మూడో షికారు. గేటు దగ్గరే చతికిలబడింది పాపం, లాక్కుపోయాను.

నవంబరు 10

ఐవార్‌కు మిరపకాయలు తక్కువ పడ్డాయని గ్రోజ్దానా వాళ్ళ వైపు వెళ్ళాను. ఐవార్ దంచడం మా ఇంట్లో ఎప్పుడో అయిపోయింది. గ్రీన్‌హౌస్ లోపల ఆమె వంగి ఏదో తీగ సరిచేస్తోంది, ప్లాస్టిక్ లోంచి మసకగా కనిపించింది. కారు దిగలేదు. కారు దిగకుండానే ఇంటికి వచ్చేశాను.

నవంబరు 16, గురువారం

నలుగురు.

నవంబరు 23, గురువారం

నలుగురు. కానీ మంచి చర్చ జరిగింది.

నవంబరు 30, గురువారం

ముగ్గురు. వాన. రాదోష్‌కు రొట్టె సంగతి చెప్పాను. "మీరు తీసుకోమంటే తీసుకుంటా మాస్టారూ, కానీ మా ఆవిడ మటుకు చేప తోమదు" అన్నాడు. ఒక పని అయింది.

డిసెంబరు 8

బడి నుంచి నలభై కుర్చీలు అడిగి తెచ్చాను. బారుగా వేశాను, బాగాలేదు. గుండ్రంగా వేశాను, ఏదో విచారణకు కూర్చోబెట్టినట్టుంది. మళ్ళీ బారుగా వేశాను. దేసాంక పిన్ని చీపురు మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడింది.

"మాస్టారూ, ఈ హాల్లో నేను ఇరవై రెండేళ్ళు నూలు వడికాను. వడికే మరలు కూడా ఇన్నిసార్లు అటూ ఇటూ తిరగలేదు."

"ఎంతమంది వస్తారంటావు పిన్నీ?"

"అది మరను అడిగి లాభం లేదు, తెగిపోయిన నూలుని అడగాలి."

నాకర్థం కాలేదు. అర్థం కానట్టు నటించానేమో కూడా.

డిసెంబరు 19

పునీత నికొలా రోజు. ఊళ్ళో సగం ఇళ్ళకు ఈ రోజే స్లావా, మిగతా సగం ఆ ఇళ్ళలో తింటూ ఉంటారు. నేను ఏటా దేసాంక పిన్ని ఇంటికే వెళ్తాను. మొదటి ఏడాది ఎవరు చెప్పారో ఏమో, గుర్తు లేదు. బహుశా ఆవిడే చెప్పి ఉంటుంది.

వచ్చినవాళ్ళకు ముందుగా పెట్టే ఉడికించిన గోధుమ ఒక చెంచా నోట్లో వేసుకుని తలెత్తేసరికి గుమ్మంలో గ్రోజ్దానా. ఆమె కూడా ఏటా వస్తుంది, ఆ ముక్క నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను కాబోలు. ఒకరి స్లావా బల్ల దగ్గర ఇంకొకరితో గొడవ పడకూడదు కాబట్టి ఆమె వెనక్కి తిరగలేదు, నాకెదురుగా కూర్చుంది. నాతో ఒక్క మాట లేదు. చెప్పాల్సిందంతా పిన్నికే చెప్పింది.

"పిన్నీ, మాస్టారికి చేప వెయ్యండి. ముళ్ళు తీసి మరీ వెయ్యండి. ఆయనకు గుచ్చుకునేవి ఏవైనా కనబడకుండా పక్కన పెట్టేసుకోవడం అలవాటు."

బల్ల చుట్టూ నవ్వారు, ఏదో వేళాకోళం అనుకుని. పిన్ని నవ్వలేదు. పొద్దున్నుంచీ నిలబడి ఉన్న ఆవిడ భర్త నా గ్లాసులో రాకియా సారా పోశాడు. నేను మూడు ముద్దలు మింగి లేచొచ్చేశాను.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ లెక్కపెట్టాను, ఆ రెండు గదుల ఇంట్లో ముప్పై ఒక్క జతలు. పిన్నికి గ్రూపు లేదు.

డిసెంబరు 20

ఆ ఫోల్డరు తెరిచాను.

దాని పేరు "తర్వాత". దానికదే వచ్చింది కాదు, నేనే పెట్టిన పేరు. మార్చి పదకొండున గ్రోజ్దానా మెయిలును నా చేత్తో అందులోకి లాగాను. లాగుతున్నప్పుడు ఏం అనుకున్నానో కూడా గుర్తుంది: ఈమె వెళ్తే మిగతావాళ్ళూ వెళ్తారు, మిల్లు ఖాళీ అవుతుంది, కొన్నాళ్ళు ఆగి చెబుదాం.

అందులో మూడున్నాయి. ఒక్కటే అనుకుంటూ తిరిగాను ఇన్ని నెలలు. ఒక్కటే అని నాకు నేను చెప్పుకున్నాను. జూన్‌లో పాదోవా నుంచి చెప్పులు చేసే ఇటలీ ఆయన జ్వెజ్దాన్‌ను ఆరు నెలలు రమ్మన్నాడు. జులైలో తిమిషోరా నుంచి ఆటల కంపెనీ వాళ్ళు ల్యూప్కా బొమ్మలు పంపమన్నారు. మూడింటికీ చదివినట్టు గుర్తు పడి ఉంది. చదివింది నేను.

సిగ్గుగా ఉంది. ఈ మాట రాయడానికి రెండు నెలలు పట్టింది.

డిసెంబరు 21, గురువారం

మిల్లు తెరవలేదు. రెండు మెయిళ్ళనూ కాగితాల మీద అచ్చు తీసి జేబులో పెట్టుకుని నడిచి వెళ్ళాను.

జ్వెజ్దాన్ వాళ్ళ నాన్న చెప్పుల కొట్టులో ఉన్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు. ముసలాయన మేకులు నోట్లో పెట్టుకుని సుత్తి ఆపి చూస్తున్నాడు.

"జూన్‌దా ఇది?"

"జూన్‌దే."

"జూన్‌లో నాన్నకు ఆపరేషను. నేను వెళ్ళేవాణ్ణి కాదు మాస్టారూ." కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "కానీ వెళ్ళనని నేను చెప్పాల్సింది. మీరు కాదు."

తిట్టి ఉంటే బాగుండేది. ముసలాయన మేకు ఒకటి తీసి చెప్పు మడమలో కొట్టాడు, ఆ చప్పుడుకి ఉలిక్కిపడ్డాను.

ల్యూప్కా గేటు తియ్యలేదు. కాగితం చువ్వల మధ్య నుంచి తీసుకుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల.

"నేను అక్టోబరు నుంచి కేఫెలో బల్లలు తుడుస్తున్నాను, తెలుసా మీకు? ఎవరూ అడగడం లేదు, నా బొమ్మలు బాగాలేవేమో అనుకున్నాను. మిమ్మల్ని అడిగాను కూడా. ఏమన్నారు మీరు?"

ఓపిక పట్టమన్నాను.

"ఓపిక పట్టమన్నారు!" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

డిసెంబరు 23

మంచు పడేలా ఉంది. ఈసారి కారు దిగాను.

గ్రోజ్దానా గ్రీన్‌హౌస్ మీద రెండో పొర ప్లాస్టిక్ కప్పుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఈ ఊళ్ళో వార్త నా కన్నా ముందే నడుస్తుంది.

"ఆ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను. ఇద్దరం లాగాం. చేతులు కొంకర్లు పోతున్నాయి.

"మర్చిపోయానని చెప్పాను నీతో. మర్చిపోలేదు, దాచాను."

"తెలుసు."

"మర్చి—"

"మర్చిపోలేదనీ తెలుసు. ఎందుకో చెప్పండి, అది తెలీదు."

"నువ్వు వెళ్తే మిల్లు ఖాళీ అవుతుందని."

ఆమె తాడు ముడి వేసి, పళ్ళతో బిగించి, అప్పుడు నా వైపు తిరిగింది. "ఇప్పుడు నిండిందా?"

మిల్లు మెయిలు పెట్టె సంకేతపదం కాగితం మీద రాసి తెచ్చాను, ఇచ్చాను. ఇక నేనొక్కణ్ణే తెరిచేది కాదు, నువ్వు, జ్వెజ్దాన్, ల్యూప్కా, రాదోష్, ఎవరైనా తెరవొచ్చు అన్నాను. ఆమె దాన్ని చేతి తొడుగు లోపలికి దోపుకుంది. క్షమించానని అనలేదు. "ఆ మూల ఇటుక పెట్టండి, గాలికి లేస్తుంది" అంది. పెట్టి వచ్చాను.

ఇరవై అయిదు గురించి నేను మాటెత్తలేదు. స్లావాకు పిలవకూడదు కదా. పిలవొచ్చు అన్నా పిలిచేవాణ్ణి కాదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను?

డిసెంబరు 24

బోసీల్కా రొట్టె కాల్చింది. పైన పిండితో గోధుమ కంకి, ద్రాక్ష గుత్తి, చిన్న పావురం చేసి అతికించింది. ఆసుపత్రిలో డ్యూటీ చేసొచ్చి, కాళ్ళు వాచి ఉండగా. "ఎవ్వరూ రాకపోతే?" అన్నాను. "నేనొస్తున్నాగా, నేనెవరు?" అంది. మళ్ళీ తనే అంది: "రాకపోతే రాకపోయారు తిహో. ఇప్పుడు కనీసం ఎందుకు రాలేదో నీకు తెలుసు."

బడికి ఫోను చేసి పది కుర్చీలు వెనక్కి తీసుకుపొమ్మన్నాను. కాసేపటికి వద్దులే అని మళ్ళీ చేశాను.

డిసెంబరు 25

ఉదయం ఎనిమిది. కొవ్వొత్తి వెలిగించాను. కిటికీ గట్టు మీద డైరీ పెట్టుకుని నిలబడే రాస్తున్నాను. ఉపవాస కాలం కాబట్టి మాంసం లేదు. మట్టి కుండలో చిక్కుడు గింజలు, వేయించిన బంగారుతీగ చేపలు, ఐవార్, గోధుమ, రాకియా. నలభై కుర్చీలు.

తొమ్మిదిన్నర. బోసీల్కా, నేను.

పదింబావు. దేసాంక పిన్ని, ఆమెతో నలుగురు ముసలమ్మలు. ఒకప్పుడు ఈ హాల్లోనే నూలు వడికినవాళ్ళట. స్టార్టప్ అంటే ఏమిటో తెలియదు. కిటికీ పక్క నిలబడి ఎవరి మర ఎక్కడుండేదో చేత్తో చూపించుకుంటున్నారు. గోధుమ తిని నా చేతులు పట్టుకుని శుభం పలికారు.

పన్నెండు. రాదోష్, భార్య, చంకలో పిల్ల. ఫాదర్ వచ్చాడు. గ్రూపులో ఇంకా రెండు వందల పన్నెండు మంది ఉన్నారు, ఇప్పుడే చూశాను. ఎందుకు చూశానో.

ఒంటిగంట. జ్వెజ్దాన్ వచ్చాడు! వాళ్ళ నాన్నను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ముసలాయన కొవ్వొత్తి ముందు టోపీ తీశాడు. "స్పిరిదోన్ మా చెప్పులవాళ్ళ పునీతుడు. నా చిన్నప్పుడు మాకూ ఇదే రోజు స్లావా జరిగేది. ఒక ఏడాది రొట్టె సగం ఎవ్వరూ తీసుకోలేదు. పొద్దుపోయేదాకా బల్ల మీద అలాగే ఉంది. మా నాన్న ఏడుస్తూ ఇంటికొచ్చాడు" అన్నాడు. తర్వాత గింజలు రెండుసార్లు వేయించుకున్నాడు.

మూడు. ఫాదర్ రొట్టె అడుగున అడ్డంగా నిలువుగా గీసి వైన్ పోశాడు. చేతులు వేయగలిగినవాళ్ళందరం కలిసి దాన్ని తిప్పి, రెండుగా విరిచాం. "రెండో సగం ఎవరిది?" అన్నాడు ఫాదర్. రాదోష్ నా వైపు చూసి చెయ్యి చాపాడు. నేనే ఆపాను. "వద్దు రాదోష్, నేను చెప్పానని తీసుకోకు" అన్నాను. బోసీల్కా నన్నొక చూపు చూసింది. ఫాదర్ ఆ సగం మీద గుడ్డ కప్పాడు. "కొవ్వొత్తి ఆర్పేదాకా టైముంది" అన్నాడు. ల్యూప్కా రాలేదు. మొత్తం పదమూడు మంది, ఈసారి ఎవరినీ అదనంగా కలపలేదు.

మూడు ముప్పావు. కొవ్వొత్తి వేలెడుంది. నడుం నొప్పి. ఎవరూ కూర్చోని కుర్చీలు కళ్ళబడకుండా తలుపు వైపే చూస్తున్నాను.

అదే రోజు, ఇంటి దగ్గర.

కూర్చుని రాస్తున్నాను.

నాలుగింటికి, వెలుగు తగ్గుతుండగా గ్రోజ్దానా వచ్చింది. కోటు మీద మంచు. దులుపుకుని, కొవ్వొత్తి ముందు సిలువ గుర్తు వేసుకుని, ఒక చెంచా గోధుమ తిని, "స్లావా శుభాకాంక్షలు, ఇంటిపెద్దా" అంది. అందరూ అనే మాటే. ఆమెకు రాకియా పోస్తుంటే సగం బల్ల మీద ఒలికింది.

ఆమె గుడ్డ కప్పిన పళ్ళెం చూసింది. "ఎవరూ తీసుకోలేదా?"

"లేదమ్మా" అన్నాడు జ్వెజ్దాన్ వాళ్ళ నాన్న, అందరికన్నా ముందు.

గ్రోజ్దానా మెడలో శాలువా తీసి రొట్టె సగాన్ని అందులో చుట్టింది. "వచ్చే ఏడాది మా గ్రీన్‌హౌస్‌లో. ఇక్కడ చలి చంపేస్తోంది, ముసలివాళ్ళు ఎలా కూర్చున్నారో ఏమో. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్తున్నా, మళ్ళీ ఎవరి నోటో వినకండి. నేను ఫిబ్రవరిలో సెగెద్ వెళ్తున్నా. ఆ హంగరీ వాళ్ళ దగ్గర ఉద్యోగం, ఒక ఏడాది."

హంగరీ వాళ్ళు. నేను దాచిన మెయిలు వల్ల పని దొరికినవాళ్ళు. తన పరికరానికి యజమానిగా నిలబడాల్సిన మనిషి, వాళ్ళ పరికరానికి పనిమనిషిగా వెళ్తోంది. అది నేను చేసిన పని. పళ్ళెం పట్టుకుని అందరి ముందూ అన్నాను: "నా వల్ల."

"అవును, మీ వల్లే." ఆమె గొంతు పెంచలేదు. "ఆ బాకీ మీరు తీర్చలేరు, నేనూ మర్చిపోను."

"మరి వెళ్ళిపోతూ రొట్టె ఎలా తీసుకుంటావు? వచ్చే ఏడాది ఎవరు..."

ఆమె నన్ను చూసిన తీరు! పదో తరగతిలో నేను బోర్డు మీద తప్పు లెక్క చేసినప్పుడు అలాగే చూసేది.

"మాస్టారూ, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు స్లావాకు రారా? రాకుండా ఉండగలరా? మూడేళ్ళు మమ్మల్ని తలుపేసి కాపలా కాశారు. ఈ ఒక్క ముక్క మీకు తట్టలేదా?"

నిజంగానే తట్టలేదు. వెళ్ళడమంటే పోవడమే అనుకున్నాను. నికొలా రోజు పిన్ని గుమ్మంలో ముప్పై ఒక్క జతలు లెక్కపెట్టానే, అందులో వియన్నా నుంచి ఆ పొద్దున్నే బస్సు దిగినవాళ్ళవి ఎన్నో అడగలేదు.

గ్రోజ్దానా కోటు విప్పి కుర్చీకి తగిలించి చేతులు పైకి మడిచింది. నా చేతిలోంచి చేపల పళ్ళెం లాక్కుంది.

"ఇంక మీరు కూర్చోండి. రొట్టె నా దగ్గరుంది. నిలబడేది నేను."

"కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది, ఇంటిపెద్ద కూర్చో..."

"కూర్చోమంటున్నానుగా!"

దేసాంక పిన్ని నా వెనక కుర్చీ జరిపింది. కూర్చున్నాను. పొద్దున్నుంచి కాదు, మార్చి నుంచి నిలబడి ఉన్నట్టు మోకాళ్ళు నొప్పిపుట్టాయి. నాకు ఒక పక్క జ్వెజ్దాన్ వాళ్ళ నాన్న, ఇంకో పక్క రాదోష్ పిల్ల. ఆ పిల్ల నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

గ్రోజ్దానా వరుసగా వడ్డిస్తూ వచ్చి నా పళ్ళెంలో పెద్ద చేప ముక్క వేసింది. తల కాదు, తోక కాదు, నడిమి ముక్క, అన్నీ ముళ్ళే.

"ముళ్ళు మీరే తీసుకోండి" అంది.

చాలాసేపు పట్టింది. ఒక్కొక్కటే తీసి, అందరికీ కనబడేలా పళ్ళెం అంచున పెట్టుకుంటూ తిన్నాను.